తగ్గించమనకండి, తీసేయమనండి

డిశ్చార్జి రోజు బిల్లింగ్ కౌంటర్ దగ్గర మనవాళ్ళ నోట ఎక్కువగా వినిపించే మాట, "ఏమన్నా చూసి తగ్గించండి సార్." కౌంటర్లో ఉన్నతను కాసేపు లోపలికి వెళ్ళొచ్చి, "మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి ఐదు శాతం తీయించానండీ" అంటాడు. పేషెంట్ తాలూకు వాళ్ళు దణ్ణం పెట్టి కట్టేస్తారు. కాస్త పలుకుబడి ఉంటే ఎమ్మెల్యేగారి పీఏతోనో, తెలిసిన విలేకరితోనో ఫోన్ చేయించి పది శాతం తెచ్చుకుంటారు. ఆ పది శాతం కథ చుట్టాలందరికీ చెప్పుకుంటారు కూడా.

ఆ బిల్లులో వాడని ఇంజెక్షన్లు పన్నెండు వేలవి ఉండి ఉండొచ్చు. ఒకే రోజుకి వార్డు అద్దె, ఐసీయూ అద్దె రెండూ పడి ఉండొచ్చు. వాటి జోలికి ఎవరూ పోలేదు. ఆసుపత్రికి డిస్కౌంట్ ఇవ్వడం కంటే చవకైన పని లేదు. తప్పు ఒప్పుకోనక్కర్లేదు, రికార్డు దిద్దనక్కర్లేదు, పైగా దయ చూపించిన పేరొస్తుంది. మనం అడిగే పద్ధతే వాళ్ళకి ఆ వీలు ఇస్తోంది. మొత్తం మీద బేరమాడితే దొరికేది దయ. ఫలానా తారీఖు, ఫలానా లైను అని వేలు పెట్టి చూపిస్తే జవాబు చెప్పక తప్పదు. ముందు తప్పులు తీయించుకోండి. ఆ తర్వాత డిస్కౌంట్ ఇస్తామంటే కాదనకండి, పుచ్చుకోండి.

ఫంక్షన్ హాల్లో రాత్రి పదకొండింటికి కేటరింగ్ వాళ్ళతో ప్లేట్ల లెక్క ఒకటికి రెండుసార్లు సరిచూసుకునే మనం, దానికి నాలుగింతలుండే ఆసుపత్రి బిల్లులో ఆఖరి అంకె తప్ప ఇంకేదీ చూడం. మనిషి బతికి బయటపడ్డాడన్న ఊరటలో లెక్కలడగడం అల్పత్వం అనిపిస్తుంది. అదేమీ కాదు.

తప్పు ఎక్కడ పుడుతుంది

బిల్లు తయారయ్యేది కౌంటర్లో కాదు, వార్డులో. డ్యూటీ డాక్టర్ కేస్ షీట్‌లో మందు రాస్తారు. సిస్టర్ దానికి ఇండెంట్ పెడుతుంది. ఫార్మసీ ఆ సరుకుని మీ ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్ మీద పైకి పంపుతుంది. పంపిన క్షణంలోనే అది మీ ఖాతాలో పడిపోతుంది. మందు ఒంట్లోకి వెళ్ళిందా లేదా అన్నదానితో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి పనిలేదు. మధ్యాహ్నం పెద్ద డాక్టరు వచ్చి యాంటీబయాటిక్ మార్చారనుకోండి. మిగిలిన పాత వయల్స్ ఫార్మసీకి తిరిగి వెళ్ళాలి, అక్కడ రిటర్న్ ఎంట్రీ పడాలి, మీ ఖాతాలో ఆ మేరకు తగ్గాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఆగినా వాడని మందుకి మీరు డబ్బు కట్టినట్టే. రాత్రి షిఫ్టు మారేటప్పుడు ఆగుతుంది. ఐసీయూ నుంచి వార్డుకి మార్చేటప్పుడు ఇంకా ఎక్కువగా ఆగుతుంది, ఎందుకంటే మందుల ట్రే ఐసీయూలోనే ఉండిపోతుంది, కింద వార్డు సిస్టర్ కొత్త ఇండెంట్ పెడుతుంది.

దీన్లో ఎంత పొరపాటు, ఎంత కక్కుర్తి అన్న చర్చ కౌంటర్ దగ్గర పెట్టుకోకండి. రెండూ ఉన్నాయి. 2017లో గురుగ్రామ్‌లోని ఓ కార్పొరేట్ ఆసుపత్రిలో డెంగీతో రెండు వారాలున్న ఏడేళ్ళ పాప చనిపోయింది. బిల్లు సుమారు 16 లక్షలు. అందులో 660 సిరంజీలు, 2,700 గ్లౌజులు ఉన్నాయని పత్రికల్లో రావడంతో దేశమంతా అట్టుడికింది. మరుసటి ఏడాది జాతీయ ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏ ఢిల్లీ చుట్టుపక్కల కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల బిల్లుల్ని పరిశీలించింది. మందులు, సిరంజీల వంటి వాటిపై లాభం కొన్నిచోట్ల 1,737 శాతం దాకా ఉందని బయటపెట్టింది. ఇక్కడో చేదు నిజం ఒప్పుకోవాలి. ఎమ్మార్పీ మించనంత వరకూ ఆ లాభం చాలామటుకు చట్టం లోపలిదే. ధర ఎక్కువన్న బాధ వేరు, లెక్క తప్పన్న ఫిర్యాదు వేరు. ఈ అధ్యాయం రెండోదాని గురించి. మొదటిదానికి ప్రభుత్వాలే పూనుకోవాలి. 2025 మార్చిలో సుప్రీంకోర్టు కూడా, ఆసుపత్రి ఫార్మసీలోనే మందులు కొనాలన్న ఒత్తిడిపై వచ్చిన వ్యాజ్యంలో, విధానం రూపొందించే బాధ్యతను రాష్ట్రాలకే వదిలింది.

చేరిన రోజే నోటుబుక్కు

ఇంట్లో ఒకరిని లెక్కల మనిషిగా పెట్టుకోండి. పేషెంట్ భార్యనో, తల్లినో కాదు. వాళ్ళ మనసు మనసులో ఉండదు. మేనమామో, బావగారో, కాలేజీలో చదివే అమ్మాయో, ఎవరైనా ఫరవాలేదు. చేతిలో ఓ చిన్న నోటుబుక్కు, పెన్ను ఉంటే చాలు.

చేర్చేటప్పుడు సంతకాలు పెట్టే కాగితాల్లో ఎస్టిమేట్ అనేది ఒకటుంటుంది. దాని జెరాక్సు తీసుకోండి. ఆపరేషన్ అయితే ఇది ప్యాకేజీయా, విడివిడిగా వేస్తారా అని ముందే అడిగి రాయించుకోండి. ప్యాకేజీ అంటే అందులో ఎన్ని రోజుల గది, ఎవరెవరి ఫీజు, ఏయే మందులు కలిసి ఉన్నాయో కూడా. ప్యాకేజీలో మత్తు డాక్టరు ఫీజు కలిపేసి, చివర్లో దాన్నే మళ్ళీ విడిగా వేయడం మామూలుగా జరిగే పని. గది మాటా అప్పుడే తేల్చుకోవాలి. చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో గది తరగతిని బట్టి డాక్టర్ విజిట్ నుంచి ఎక్స్‌రే దాకా అన్ని రేట్లూ మారతాయి. జనరల్ వార్డులో ఖాళీ లేదని మిమ్మల్ని సింగిల్ రూమ్‌లో పెడితే, ఏ తరగతి రేటు వేస్తారో ఆ పూటే అడగండి. ఐసీయూ కాని గదికి రోజుకి 5,000 రూపాయలు దాటిన అద్దె ఉంటే 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది. అది గది అద్దె మీద మాత్రమే. బిల్లు మొత్తం మీద వేస్తే అడగాల్సిందే. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి మందుల మీద ఎమ్మార్పీకి పైన మళ్ళీ జీఎస్టీ అంటే అది కూడా తప్పే.

నోటుబుక్కులో రోజుకో పేజీ చాలు. ఏ డాక్టరు ఎన్నింటికి వచ్చారు. ఏ రక్తం ఎన్నిసార్లు తీశారు. ఆక్సిజన్ ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీసేశారు. ఏ గది నుంచి ఏ గదికి ఎన్నింటికి మార్చారు. ఫార్మసీకి మీరే వెళ్ళి డబ్బు కట్టి తెచ్చిన చీటీలన్నీ అదే పుస్తకంలో పిన్ను కొట్టండి. ఐసీయూలో లోపలేం జరుగుతోందో మనకి కనిపించదు కదా అంటారు. నిజమే, కాని విజిటింగ్ టైమ్‌లో సిస్టర్‌ని మెల్లగా అడిగితే చెబుతుంది. నిలదీయకండి. బిల్లుకీ ఆమె జీతానికీ ఏ సంబంధమూ లేదు. మీ మనిషికి అర్ధరాత్రి నీళ్ళు తాగించేది ఆమె.

రెండ్రోజులకోసారి ఇంటరిమ్ బిల్లు అడిగి తీసుకోండి. "ఇప్పటిదాకా ఎంతయ్యింది" అని అంకె అడిగి వచ్చేయొద్దు, వివరాల ప్రింటు కావాలి. రెండో రోజు పడిన తప్పుని మూడో రోజు అడిగితే వార్డులో అందరికీ గుర్తుంటుంది. తొమ్మిదో రోజు అడిగితే ఆ షిఫ్టు సిస్టర్ సెలవులో ఉంటుంది.

బిల్లు చదవడం

చేతికొచ్చిన వివరాల బిల్లుకి ఒకే ఒక్క సూత్రం పెట్టుకోండి. ప్రతి లైనుకీ ఎక్కడో ఓ సాక్ష్యం ఉండాలి. టెస్టుకి రిపోర్టు. మందుకి మెడికేషన్ చార్టులో సిస్టర్ సంతకం. విజిట్‌కి కేస్ షీట్‌లో డాక్టర్ నోట్స్. లోపల పెట్టిన స్టెంటుకో, కీలుకో పెట్టె మీది స్టిక్కరు. సాక్ష్యం లేని లైను పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోండి.

ఉదాహరణకి డెంగీ కేసు ఒకటి ఊహించుకుందాం. సోమవారం రాత్రి తొమ్మిదింటికి వార్డులో చేరాడు. మంగళవారం మధ్యాహ్నం ప్లేట్‌లెట్లు పడిపోతే ఐసీయూకి మార్చారు. గురువారం పొద్దున మళ్ళీ వార్డు. శనివారం పదకొండింటికి డిశ్చార్జి. ఇరవై నాలుగ్గంటల లెక్కన ఇది ఐదు రోజులు. తారీఖుల లెక్కన ఆరు. కాని వార్డు మంచానికి సోమ, మంగళ, గురు, శుక్ర, శనివారాలు, ఐసీయూ మంచానికి మంగళ, బుధ, గురువారాలు వేస్తే ఎనిమిదవుతుంది. మంగళ, గురువారాల్లో ఒకే మనిషి రెండు మంచాల మీద పడుకున్నాడన్నమాట. గది అద్దె ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. ఆ రోజుల నర్సింగ్ చార్జీ, డ్యూటీ డాక్టర్ చార్జీ కూడా దాని వెనకాలే రెండేసి పడతాయి. ఆసుపత్రి ఏ పద్ధతిలో రోజులు లెక్కిస్తుందో, గది మారిన రోజుకి ఏ అద్దె వేస్తుందో టారిఫ్ కాగితంలో ఉంటుంది. దాన్ని చూపించమనండి.

అదే బిల్లులో పరీక్షలకి రండి. కంప్లీట్ బ్లడ్ పిక్చర్ అంటే అందులో హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ ఉంటాయి. ఒకే సమయానికి తీసిన రక్తానికి సీబీపీ ఒక లైను, ప్లేట్‌లెట్ కౌంట్ ఇంకో లైను ఉంటే అది రెండుసార్లు వేసినట్టే. లివర్ ఫంక్షన్ టెస్టు వేసి, దాని కింద బిలిరుబిన్, ఎస్‌జీపీటీ మళ్ళీ విడిగా వేయడం ఇలాంటిదే. రిపోర్టులన్నీ తారీఖుల వారీగా పేర్చి లెక్కపెట్టండి. సీబీపీలు బిల్లులో తొమ్మిది, చేతిలో ఏడు ఉంటే మిగతా రెండు ఏవని అడగాలి. ఒక్కోసారి శాంపిల్ పాడైందని రెండోసారి రక్తం తీస్తారు. ల్యాబ్ వల్ల జరిగిన దానికి డబ్బు మనం ఎందుకు కట్టాలి? ఆర్డరు పెట్టి రద్దు చేసిన స్కానింగులు కూడా తరచు ఖాతాలో ఉండిపోతాయి.

మందుల దగ్గర లెక్క ఇంకా తేలిక. గ్యాస్‌కి వేసే పాంటాప్రజోల్ ఇంజెక్షన్ రోజుకి రెండు చొప్పున ఐదు రోజులంటే పది. బిల్లులో పదహారుంటే ఆరు వయల్స్ రిటర్న్ అవలేదు. సెలైన్ సీసాలు, ఐవీ సెట్లు, సిరంజీలు, గ్లౌజులు కూడా ఇలాగే చూడొచ్చు గాని, రూపాయి గ్లౌజు కోసం అరగంట వాదించడం నేను సిఫార్సు చేయను. పెద్ద లైన్ల మీద మొదలుపెట్టి కిందికి రండి. ఖరీదైన యాంటీబయాటిక్‌లు, ఆల్బుమిన్, వెంటిలేటర్ రోజులు, ఆక్సిజన్ గంటలు, గుండె మానిటర్. వెంటిలేటర్ ఐదు గంటలుంటే రోజంతా వేశారా, మానిటర్ ఐసీయూ చార్జీలో కలిసి ఉందా చూడండి. వీటి దగ్గరే వేలల్లో తేడా వస్తుంది.

ఇక డూప్లికేట్లలోకెల్లా మనవాళ్ళకి ఎక్కువ నష్టం చేసేది ఒకటుంది. "అర్జెంటు, కింద ఫార్మసీలో తెండి" అని చీటీ ఇస్తారు. మీరు పరుగెత్తి డబ్బు కట్టి తెస్తారు. ఆ మందే ఐపీ నంబర్ మీద కూడా ఎక్కుతుంది. పిన్ను కొట్టిన చీటీలకి ఇక్కడే విలువ. చీటీ మీది బ్యాచ్ నంబరు, తారీఖు బిల్లులోని లైనుతో పక్కపక్కన పెట్టి చూపిస్తే వాదనే ఉండదు.

అడ్వాన్సులూ అంతే. కట్టిన ప్రతిసారీ రసీదు. చివరి బిల్లులో అన్నీ కోతకొచ్చాయో లేదో కూడి చూడండి. అత్యవసర విభాగంలో కట్టిన మొదటి ఐదు వేలు ఓపీ నంబరు మీద ఉండిపోయి ఐపీ ఖాతాలోకి రాకపోవడం జరుగుతుంటుంది. వీలైనంతవరకు కార్డు మీదో, యూపీఐలోనో కట్టండి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒక మనిషి నుంచి ఒక రోజులో రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదన్న సంగతి కౌంటర్ వాళ్ళకి తెలుసు. నగదే తెమ్మనే చోట ఆ మాట ఒకసారి ఎత్తండి.

గుండెకి స్టెంట్ వేయించుకున్నవాళ్ళకి ఓ మాట. 2017 ఫిబ్రవరిలో ఎన్‌పీపీఏ మందు పూత స్టెంటుకి 29,600, మామూలు లోహపు స్టెంటుకి 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. ఆ తర్వాత సవరణలు జరిగాయి, ఇప్పటి ధర ఎన్‌పీపీఏ వెబ్‌సైటులో ఉంటుంది. స్టెంటు ధర, బ్రాండు, తయారీదారు, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా రాయాలని ఆ ఉత్తర్వులోనే ఉంది. 'కాథ్ ల్యాబ్ సామగ్రి' అని ఒకే లైను కొట్టేస్తే ఒప్పుకోవద్దు. మోకాలి కీళ్ళకి కూడా అదే ఏడాది ఆగస్టులో గరిష్ఠ ధరలు వచ్చాయి. ఇక రక్తానికి ధరంటూ ఉండదు. బ్లడ్ బ్యాంకు పుచ్చుకోవాల్సింది పరీక్షల, ప్రాసెసింగ్ ఖర్చు మాత్రమే.

అయితే రెండుసార్లు కనిపించిందల్లా తప్పు కాదు. ఇది తెలియక తొందరపడితే కౌంటర్లో పరువు పోతుంది, మిగతా సరైన ప్రశ్నలకీ విలువ పోతుంది. బ్లడ్ కల్చర్‌కి రెండు చేతుల నుంచీ తీస్తారు, రెండు సీసాలుంటాయి. గుండెనొప్పి కేసులో ట్రోపోనిన్ కొన్ని గంటల తేడాతో మళ్ళీ చేయాల్సిందే. గొట్టం వేశాక సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి అదే రోజు రెండో ఎక్స్‌రే తీస్తారు. ఒక గ్రాము డోసుకి అరగ్రాము వయల్స్ రెండు పడతాయి. సర్జన్ ఫీజు, అసిస్టెంట్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు మూడూ వేరు. అందుకే టిక్కు పెట్టిన లైన్లన్నీ ముందు డ్యూటీ డాక్టరుకి చూపించి "ఇది రెండుసార్లు అవసరమైందా అండీ" అని అడిగి, ఆ తర్వాతే కిందికి వెళ్ళండి.

కౌంటర్ దగ్గర

డిశ్చార్జి సాయంత్రం కాదు, అంతకు ముందురోజే డ్రాఫ్టు బిల్లు అడగండి. ఇంటికి వెళ్ళే తొందర మీకుంటే బేరం వాళ్ళ చేతిలో ఉంటుంది. తెల్లకాగితం మీద లైన్లు రాసుకెళ్ళండి. తారీఖు, బిల్లులో ఏముంది, మీ దగ్గరున్న సాక్ష్యం ఏమిటి. మాట ఇలా ఉంటే చాలు:

"అమ్మా, ఇవి ఐదు లైన్లు. తారీఖులు పక్కనే రాశాను. వార్డుతో ఒకసారి సరిచూసి చెప్పండి. మిగతా బిల్లుతో నాకు పేచీ లేదు."

"సిస్టమ్‌లో ఉన్నదే వస్తుందండీ."

"సిస్టమ్‌లోకి ఎవరో ఎక్కిస్తేనే కదమ్మా వచ్చేది. ఈ ఆరు ఇంజెక్షన్ల ఇండెంట్, మెడికేషన్ చార్టు తెప్పించండి. ఇచ్చినట్టు సంతకం ఉంటే ఇప్పుడే కట్టేస్తాను."

'మిగతా బిల్లుతో పేచీ లేదు' అన్న మాట పనిచేస్తుంది. ఎగ్గొట్టడానికి వచ్చినవాడు కాదని ఎదుటివాళ్ళకి అర్థమవుతుంది. పదిమందిని వెంటేసుకుని వెళ్ళి అరవడం మాత్రం వద్దు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన చట్టం ప్రకారం ఆసుపత్రి సిబ్బంది మీద దాడి, ఆస్తి ధ్వంసం నాన్-బెయిలబుల్ నేరం. బిల్లు తప్పు వాళ్ళదైనా కేసు మీ మీదికొస్తుంది.

కౌంటర్ తేల్చకపోతే బిల్లింగ్ మేనేజరు, ఆపైన మెడికల్ సూపరింటెండెంట్. అక్కడా తేలక, పేషెంట్‌ని తీసుకెళ్ళక తప్పకపోతే డబ్బు కట్టి, బిల్లు కాపీ మీద "ఈ కింది లైన్లపై అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, తారీఖు వేసి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. వేయకపోతే ఆ కాగితం ఫోటో తీసి అక్కడే నిలబడి ఆసుపత్రి ఈమెయిల్‌కి పంపండి. బిల్లు తేలేదాకా మనిషిని కదలనివ్వం, శవాన్ని ఇవ్వం అంటే అది చెల్లదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించి, 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు పంపిన పేషెంట్ల హక్కుల చార్టర్ ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. వివరాల బిల్లు పొందడం, మందులు ఎక్కడ కొనాలో ఎంచుకోవడం కూడా అందులోని హక్కులే. చార్టర్ అంటే చట్టం కాదు, నిజమే. కాని ప్రింటు తీసి చేతిలో పెట్టుకుని మాట్లాడితే ఎదుటి గొంతు తగ్గుతుంది.

కేస్ షీట్ కాపీలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. రాతపూర్వకంగా మెడికల్ రికార్డ్స్ విభాగానికి అడగండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే సరిపోదు. మెడికేషన్ చార్టు, నర్సుల నోట్స్ కావాలని పేరుపెట్టి రాయండి. మీ వాదన మొత్తం ఆ కాగితాల్లోనే ఉంటుంది.

బీమా, ఆరోగ్యశ్రీ

"ఇన్సూరెన్స్ వాళ్ళే కదా కట్టేది, మనకేం పోయింది" అనేవాళ్ళు చాలామంది. పోతుంది. ఐదు లక్షల పాలసీలో తప్పుడు లైన్లకి నలభై వేలు కరిగితే, అదే ఏడాది రెండోసారి అవసరపడినప్పుడు ఆ నలభై వేలు జేబులోంచే. క్యాష్‌లెస్ అనుమతి రాకముందు కట్టించుకున్న డిపాజిట్‌ని అనుమతి వచ్చాక తిరిగివ్వాలి. అడిగితేనే ఇస్తారు.

బీమా కోతల్ని కూడా చదవండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ జాబితాల్లో గ్లౌజులు, వివరాలు లేని 'కిట్'లు వంటివి బీమాలో రానక్కర్లేని వాటిలో ఉన్నాయి. హౌస్‌కీపింగ్, ఫైల్ ఓపెనింగ్, డాక్యుమెంటేషన్, పల్స్ ఆక్సీమీటర్ చార్జీల్లాంటివి గది అద్దెలోనే కలిసిపోవాల్సిన వాటిలో ఉన్నాయి. ఆ జాబితా కట్టడి చేసేది బీమా కంపెనీల్ని, ఆసుపత్రిని కాదు. కాని గది అద్దెలో ఉండాల్సిన దానికి మళ్ళీ మీ దగ్గర విడిగా వసూలు చేస్తున్నప్పుడు అడగడానికి అంతకంటే మంచి ఆధారం లేదు. గది అద్దె పరిమితి దాటిందని బిల్లంతా దామాషాగా కోసేస్తే, మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చుల్లో ఆ కోత వేశారేమో చూడండి. వేయకూడదు. డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని, ఆలస్యం వల్ల ఆసుపత్రి వేసే అదనపు ఖర్చు బీమా కంపెనీయే భరించాలని ఐఆర్‌డీఏఐ 2024 మేలో చెప్పింది. అంటే అనుమతి కోసం కూర్చోబెట్టిన రాత్రి గది అద్దె మీది కాదు. కంపెనీ వినకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ రెండు తెలుగు రాష్ట్రాల ఫిర్యాదులూ వింటారు, పైసా ఫీజు లేకుండా.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినవాళ్ళ దగ్గర, ప్యాకేజీలో ఉన్న చికిత్సకి నెట్‌వర్క్ ఆసుపత్రి 'తేడా' అంటూ ఏమీ వసూలు చేయకూడదు. బయట టెస్టు చేయించుకు రమ్మనడం కూడా వసూలు కిందికే వస్తుంది. ఆ ఆసుపత్రిలోనే కూర్చునే ఆరోగ్యమిత్రకి చెప్పండి, పలక్కపోతే 104కి ఫోన్ చేయండి.

ఆసుపత్రి బయట

ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ జిల్లా స్థాయిలో జరుగుతుంది కాబట్టి మొదటి ఫిర్యాదు జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి. తెలంగాణ అనుసరిస్తున్న కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింది నియమాల ప్రకారం రేట్లు ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ కనిపించేలా పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి సొంత చట్టం నడుస్తోంది. ఫిర్యాదులకి విలువుండదని ముందే నీరుగారిపోకండి. కొవిడ్‌కి 2020 జూన్‌లో తెలంగాణ వార్డుకి రోజుకి 4,000, ఐసీయూకి 7,500, వెంటిలేటర్‌తో 9,000 అని రేట్లు కట్టింది. మరుసటి ఏడాది అధిక బిల్లుల ఫిర్యాదుల మీద కొన్ని ఆసుపత్రులకు కొవిడ్ వైద్యం చేసే అనుమతినే రద్దు చేసింది. జనం బిల్లులు దాచి చూపించబట్టే అది జరిగింది. ఎమ్మార్పీ, గరిష్ఠ ధర దాటిన అమ్మకాలైతే ఎన్‌పీపీఏకి రాయాలి.

ఆపైన వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టం వచ్చాక మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. హైదరాబాద్‌లో వైద్యం చేయించుకున్న శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళంలో వేసుకోవచ్చన్నమాట. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. చాలా ఆసుపత్రులు నోటీసు దాకా తెచ్చుకోవు, చిన్న లైన్లయితే చెక్కు పంపి ముగించేస్తాయి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి జబ్బుపడే తల్లిదండ్రుల కథ వేరు. అక్కడ ఆసుపత్రి ఒక బిల్లు, డాక్టరు ఒకటి, ల్యాబ్ ఒకటి, నెలల తేడాతో వస్తాయి. చూడ్డానికి డూప్లికేట్లలా ఉంటాయి గాని చాలావరకు కావు. బిల్లు రాగానే కట్టేయకుండా, ఒక్కో వైద్య సేవకీ ఉండే సీపీటీ కోడ్లతో వివరాల బిల్లు అడిగి, ఒకే తారీఖు మీద ఒకే కోడ్ రెండుసార్లుందేమో చూడండి. బీమా లేకుండా సొంతంగా కట్టేవాళ్ళకి ముందస్తు అంచనా ఇవ్వాలని 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం చెబుతోంది. బిల్లు ఆ అంచనాని 400 డాలర్లో అంతకంటే ఎక్కువో దాటితే 120 రోజుల్లోగా వివాదం లేవనెత్తొచ్చు.

మన దగ్గర వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడానికి గడువు రెండేళ్ళు. పేషెంట్ ఇంటికొచ్చి కోలుకున్నాక ఆ ఫైలు అటక మీద పడేయకండి. వారం రోజులయ్యాక, నిద్ర తీరాక, పెన్సిల్ పట్టుకుని కూర్చుని ఇంకోసారి చదవండి. కౌంటర్ దగ్గర కనిపించని లైన్లు అప్పుడు కనిపిస్తాయి.